మూడేళ్ల మార్గాలు, ముప్పై ఏళ్ల ఉద్యోగాలు: పౌర విమానయాన మంత్రి గారికి ఒక ప్రాంతీయ పైలట్ బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ అధికారులకు, బెంగళూరు యలహంక నుంచి నమస్కారాలతో రాస్తున్న లేఖ.

అయ్యా,

మీ శాఖకు రాసే ఉత్తరం ఇంగ్లీషులోనే ఉండాలన్న అలవాటు మా వృత్తిలో బాగా నాటుకుపోయింది. కంట్రోల్ టవర్‌తో మాట్లాడేదీ, లాగ్‌బుక్కు నింపేదీ, చివరికి రాజీనామా ఇచ్చేదీ ఆ భాషలోనే. ఈ ఒక్క ఉత్తరాన్ని తెలుగులో రాయడానికి రెండు కారణాలున్నాయి. శ్రీకాకుళం ప్రజలు ఎన్నుకున్న మీరు ఆ శాఖను చూస్తున్నారు గనుక మధ్యలో ఎవరూ అనువదించాల్సిన పని లేకుండా ఇది మీకు చేరుతుందన్నది మొదటిది. పొలం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో పిల్లలను పైలట్లను చేస్తున్న తెలుగు తల్లిదండ్రులు కూడా దీన్ని చదవాలన్నది రెండోది.

నేను పదమూడేళ్లుగా ఏటీఆర్ 72 విమానాలు, అంటే డెబ్బై మంది దాకా పట్టే ప్రొపెల్లర్ విమానాలు, నడుపుతున్నాను. నడిపిన రోజులూ, నడపడానికి విమానం లేక ఇంట్లో కూర్చున్న రోజులూ కలిపితే పదమూడేళ్లు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. మాది కడప జిల్లా. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి, తెల్లవారుజామున రెండున్నరకు క్యాబ్ ఎక్కినా ఇబ్బంది లేకుండా ఉంటుందని యలహంకలో ఇల్లు తీసుకున్నాను. సహకారనగర్‌లో, దేవనహళ్లి చుట్టుపక్కల ఇలాంటి తెలుగు పైలట్ల కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఉగాదికో, ఎవరింట్లోనో పుట్టినరోజుకో కలిసినప్పుడు మా మాటలు ఎటు మొదలైనా ఏ సంస్థలో జీతాలు ఆలస్యమవుతున్నాయి, ఎవరి విమానాలను లీజుకిచ్చినవాడు వెనక్కి అడుగుతున్నాడు అన్న చోటికే చేరతాయి. పెద్ద జెట్ సంస్థల్లో పనిచేసే మిత్రులు ఆ సమయంలో మర్యాదగా ప్లేటు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోతారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రాంతీయ మార్గాల్లో ప్రయాణికుడికి టికెట్ ధరలో ప్రభుత్వం అండ ఉంది. విమానం నడిపే సంస్థకు వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పేరుతో నష్టంలో అండ ఉంది. ఆ సంస్థను పైలట్ ఉన్నట్టుండి వదిలిపోకుండా ఏడాది నోటీసు నియమం ఉంది. ఆ పైలట్‌కు మాత్రం వచ్చే నెల జీతానికి పూచీ పడేవారు ఈ ఏర్పాటులో ఎక్కడా లేరు.

ఒక ఉదాహరణ నా ఇంటి నుంచే చెబుతాను. కొన్నేళ్ల కింద నేను పనిచేసిన ఒక చిన్న సంస్థలో ప్రతి నెలా ఇరవై అయిదో తారీఖు ప్రాంతంలో తర్వాతి నెల రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, ఫోన్‌కు వచ్చేది. ఒక నెల రాలేదు. రెండు విమానాలు మెయింటెనెన్స్‌లో ఉన్నాయి, వారంలో వస్తుందన్నారు. ఆ వారం గడిచాక ఏదో పని మీద విమానాశ్రయానికి వెళ్లి చూస్తే, బే చివర నిలబెట్టిన మా విమానం ఇంజిన్ల మూతులకు ఎర్రటి కవర్లు తొడిగి ఉన్నాయి, ప్రొపెల్లర్ రెక్కలు గాలికి తిరగకుండా పట్టీలతో బిగించి ఉన్నాయి. రాత్రికి నిలిపే విమానానికి కూడా ఈ జాగ్రత్తలు తీసుకుంటారు. కానీ కవర్ల మీద అంత దుమ్ము ఒక్క రాత్రిలో పేరుకోదు. సంస్థ మూతపడిందన్న సంగతి నాకు ఆ దుమ్ముతోనే తెలిసింది. ఉత్తరం ఏదీ రాలేదు. ఉద్యోగం పోయిందని చెప్పే కాగితం లేదు, ఉందని చెప్పే జీతం లేదు.

ఆ తర్వాత పదకొండు నెలలు నేను చేసిన ‘ఫ్లయింగ్’ అంతా మా ఇంటి హాలు గోడ ముందే. శిక్షణ రోజుల్లో వాడిన నిలువెత్తు కాక్‌పిట్ పోస్టరును గోడకు అంటించి, ముందు కుర్చీ వేసుకుని, కుడిచేతి పక్కన స్టూలు మీద రెండు గరిటెలు పవర్ లివర్లుగా, రెండు చెంచాలు కండిషన్ లివర్లుగా పెట్టుకునేవాణ్ని. చేతులు చేయాల్సిన పని మరచిపోతే మళ్లీ సిమ్యులేటర్ ఎక్కే రోజున ఆ సంగతి ఇట్టే బయటపడుతుంది. అప్పటికి ఏడేళ్ల మా పాప చెక్‌లిస్టు పట్టుకుని పక్కన నిలబడి, తనకు తోచినప్పుడు ‘నాన్నా, ఎడమ ఇంజిన్ పోయింది’ అని కేక వేసేది. వంటింట్లోంచి మా ఆవిడ ‘పోతే పోయింది గాని నా గరిటెలు ఇటివ్వండి’ అనేది. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తుంది. ఆ నెలల్లో విద్యారుణం కిస్తీ కట్టింది మాత్రం మా నాన్న.

పైలట్ ఉద్యోగం పోవడానికీ, ఇతర వృత్తుల్లో ఉద్యోగం పోవడానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. మా ఎదురింటి సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు ఉద్యోగం పోతే ఆయన నేర్చుకున్నది ఆయనతోనే ఉంటుంది; మర్నాడే ఇంకో కంపెనీకి పనికొస్తాడు. మా నేర్పుకు మాత్రం గడువు తేదీలు ఉంటాయి. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గడిచిన తొంభై రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు చేసి ఉండాలి. సిమ్యులేటర్‌లో నైపుణ్య పరీక్షలూ, పరికరాల ఆధారంగా నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పరీక్షా గడువు తప్పకుండా పూర్తిచేయాలి. జీతం ఉన్నా లేకపోయినా క్లాస్ 1 వైద్య పరీక్షకు ఏటా హాజరు కావాలి. ఇవన్నీ భద్రత కోసం పెట్టిన నియమాలు. వాటిలో ఒక్కదాన్నీ సడలించమని నేను అడగను, ఎవరైనా అడిగితే వ్యతిరేకిస్తాను. అయితే ఉద్యోగంలో ఉన్నంతకాలం వీటి ఖర్చంతా సంస్థ భరిస్తుంది. సంస్థ మూతపడిన మర్నాటి నుంచి అది పైలట్ మీద పడుతుంది. సిమ్యులేటర్‌ను గంటల లెక్కన సొంత డబ్బుతో అద్దెకు తీసుకోవాలి, తోడు కూర్చునే రెండో పైలట్‌ను వెతుక్కోవాలి, పరీక్షకుణ్ని బతిమాలుకోవాలి. అలా చేయలేనివాడు ఏడాది తిరిగేసరికి కాగితం మీద పైలట్, కంపెనీల దృష్టిలో కాదు.

పైగా లైసెన్సు మొత్తానికి ఒకటే అయినా నడిపే అర్హత ఒక్కో రకం విమానానికి విడిగా ఉంటుంది. 2025 డిసెంబరు తొలి రోజుల్లో సిబ్బంది విశ్రాంతి నియమాలకు సరిపడా పైలట్లు లేక వేల విమానాలు రద్దయినప్పుడు, ‘దేశంలో ఇంతమంది పైలట్లు ఖాళీగా ఉన్నారుగా, వాళ్లను పిలవరేం’ అని మా బంధువులు నన్నే అడిగారు. ఏటీఆర్ పైలట్‌ను ఎయిర్‌బస్‌లో కూర్చోబెట్టాలంటే మళ్లీ టైప్ రేటింగ్ కావాలి. అందుకు నెలలు పడుతుంది, లక్షల్లో ఖర్చవుతుంది. కొరతా, నిరుద్యోగమూ ఒకే దేశంలో, ఒకే వృత్తిలో, ఒకే సమయంలో ఉండడానికి కారణం అదే. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. అదే ఏడాది డీజీసీఏ 1,622 కమర్షియల్ పైలట్ లైసెన్సులు జారీ చేసింది. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి శిక్షణ సంస్థల ప్రకటనలు ఉద్యోగాల పంట అని ఊరిస్తున్నాయి. రెండు వందల గంటల అనుభవంతో లైసెన్సు చేతికొచ్చి, టైప్ రేటింగ్‌కు డబ్బు లేక ఊళ్లో తండ్రి దుకాణంలో కూర్చున్న కుర్రాళ్లు ఆ ప్రకటనల్లో కనిపించరు. లైసెన్సుకూ టైప్ రేటింగ్‌కూ కలిపి ఇవాళ అరకోటికి పైమాటే. నా కాలంలో అంత కాలేదు గాని, మా నాన్న జమ్మలమడుగు దగ్గర అమ్మిన మూడెకరాల ధర కూడా అప్పట్లో ఇప్పటంత లేదు.

బెంగళూరుకూ ప్రాంతీయ విమానయానానికీ ఉన్న సంబంధం మీకు తెలియనిది కాదు. 2003లో ఈ ఊరి నుంచే ఏటీఆర్ విమానాలతో ఎయిర్ దక్కన్ మొదలై, చిన్న ఊళ్ల వారిని విమానం ఎక్కించి, 2008 నాటికి కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. ఆ కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది. చెన్నై కేంద్రంగా 2005లో వచ్చిన పారామౌంట్ 2010లో ఆగింది. బెంగళూరులోనే 2015 ఏప్రిల్‌లో పుట్టిన ఎయిర్ పెగాసస్ 2016 జులై దాటలేదు. మన విజయవాడ సంస్థ ఎయిర్ కోస్టా 2013 అక్టోబరు నుంచి 2017 ఫిబ్రవరి వరకు, హైదరాబాద్‌కు చెందిన ట్రూజెట్ 2015 జులై నుంచి 2022 ఫిబ్రవరి వరకు నడిచాయి. పెద్దవాటికీ తప్పలేదు, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మే నెలలో గో ఫస్ట్ నేలకు దిగాయి. ఒక్కో మూసివేతకు ఒక్కో కారణం ఉంటుంది. ఇంధనం ధర, లీజు బకాయి, ఇంజిన్ల సమస్య, యజమాని లెక్కలు: వాటి మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. నా అభ్యంతరమల్లా ఇరవై ఏళ్లుగా ఇన్నిసార్లు జరిగిన దాన్ని ప్రతిసారీ ఊహించని ప్రమాదంలా చూడడం గురించే. వర్షాకాలం వస్తుందని తెలిసిన రైతు గడ్డివాముకు పైకప్పు వేసుకుంటాడు.

ఇక చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ సంగతి. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి సిమ్లాలో తొలి ఉడాన్ విమానాన్ని ప్రారంభించిన రోజునే కడప–హైదరాబాద్ సర్వీసు కూడా మొదలైంది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్న మాట విని, అంతకుముందు విమానం ముఖం చూడని మా పెద్దనాన్న ఆ నెలలోనే టికెట్ కొనిపించుకున్నాడు. ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. నాకూ నాలాంటి వందలమందికీ అది తిండి పెట్టింది. కలబురగి, బీదర్, శివమొగ్గ, కర్నూలు దగ్గరి ఓర్వకల్లు లాంటి చోట్లకు విమానాలు ఎగిరాయంటే ఆ ఆలోచన వల్లనే.

కానీ పథకం నిర్మాణంలో ఒక గడువు ఉంది. ఉడాన్ మొదలైనప్పుడు పెట్టిన నియమం ప్రకారం ఒక్కో మార్గానికి నష్టపరిహార నిధి (పైన చెప్పిన వయబిలిటీ గ్యాప్ ఫండింగ్) మూడేళ్లు. ఆ మూడేళ్లలో మార్గం తన కాళ్ల మీద నిలబడాలి. నిలబడిందా? కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తిచేసినవి 112. ఆ మూడేళ్ల తర్వాత 2023 మార్చి నాటికి ఇంకా నడుస్తున్నవి 54. మొత్తం కేటాయింపుల్లో ఇది వందకు ఏడు.

ఈ అంకెలను విధాన రూపకర్తలు మార్గాల లెక్కగా చదువుతారు. మేం ఉద్యోగాల లెక్కగా చదువుతాం. ఒక ఏటీఆర్‌ను రోజంతా తిప్పాలంటే అయిదారు జతల పైలట్లు కావాలి. నాలుగు మార్గాల కోసం ఒక సంస్థ ఒక విమానం తెచ్చుకుంటే పది పన్నెండు మంది పైలట్లు ఆ మార్గాలను నమ్ముకుని టైప్ రేటింగ్ చేసుకుంటారు, ఇన్నేళ్లు సంస్థను వదలమని బాండు మీద సంతకం పెడతారు, పిల్లలను బెంగళూరు బడిలో వేస్తారు. బాండు మూడేళ్లో, అయిదేళ్లో. బ్యాంకు రుణం పదేళ్లు, పన్నెండేళ్లు. ఒంట్లో బాగుంటే అరవై అయిదో ఏడు వచ్చేదాకా ఎగరవచ్చు గనుక వృత్తి ముప్పై ఏళ్లకు పైనే. వీటన్నిటికీ ఆధారమైన మార్గానికి మాత్రం ఆయుస్సు మూడేళ్లు, అదీ మొదలైతే.

ఇప్పుడు నోటీసు నియమం దగ్గరికి వస్తాను. 2017 ఆగస్టులో డీజీసీఏ కమాండర్లకు (విమానానికి సారథులైన కెప్టెన్లకు) ఏడాది, కో-పైలట్లకు ఆరు నెలల నోటీసును తప్పనిసరి చేసింది. శిక్షణ పొందిన పైలట్ ఉన్నట్టుండి వెళ్లిపోతే ప్రయాణికులు ఇబ్బంది పడతారు, అతడి స్థానంలో ఇంకొకరిని సిద్ధం చేయడానికి నెలలు పడుతుంది అన్నది అప్పుడు చెప్పిన కారణం. అది అబద్ధమని నేను అనను. దేశంలో ఇంకే ఉద్యోగికీ ప్రభుత్వం ఏడాది నోటీసు విధించిందని నాకు గుర్తు లేదు గాని, ఇంకే ఉద్యోగి చేతిలోనూ డెబ్బై మంది ప్రాణాలు రోజుకు నాలుగైదుసార్లు నేల దిగవు. ప్రజాప్రయోజనం పేరుతో మమ్మల్ని కట్టిన తాడును నేను ఒప్పుకుంటాను. రెండో కొస ఎవరికి కట్టారు అన్నదే నా ప్రశ్న.

సంస్థ జీతాలు ఆపినప్పుడు నోటీసు నుంచి బయటపడే వెసులుబాటు కాగితం మీద ఉన్నా, కొత్త సంస్థ మొట్టమొదట అడిగేది పాత సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీనే, అంటే నిరభ్యంతర పత్రమే. మూతపడబోయే సంస్థలో ఎన్‌ఓసీ మీద సంతకం పెట్టాల్సిన మనిషి ఫోను ఎత్తడు. నా ఎన్‌ఓసీ కోసం నేను అయిదు నెలలు తిరిగాను. ఆ అయిదు నెలల్లో ఒక మంచి సంస్థ ఏటీఆర్ కమాండర్ల భర్తీ మొదలుపెట్టి, ఖాళీలు నింపుకుని, ముగించేసింది కూడా. సంతకం చివరికి దొరికిన రోజున ఆ కార్యాలయంలో కుర్చీలు కూడా లేవు. సంతకం పెట్టిన ఉద్యోగి కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని రాశాడు. పాపం, ఆయనకూ నాలుగు నెలలుగా జీతం లేదు.

జీతం బకాయిల కోసం దివాలా చట్టాన్ని ఆశ్రయించవచ్చు కదా అంటారు. సంస్థ లిక్విడేషన్‌కు వెళ్తే, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దశకు చేరితే, చెల్లింపుల వరుసను ఆ చట్టంలోని (ఐబీసీ) 53వ సెక్షన్ నిర్ణయిస్తుంది. కార్మికులకు రావలసిన ఇరవై నాలుగు నెలల బకాయి తాకట్టు ఉన్న బ్యాంకులతో సమానమైన వరుసలో ఉంటుంది. కార్మికులు కాని ఉద్యోగులకు పన్నెండు నెలల బకాయి, అదీ ఆ తర్వాతి వరుసలో. పైలట్ కార్మికుడా కాదా అన్న వాదన కోర్టుల్లో ఏళ్ల తరబడి నలుగుతోంది. అసలు చిక్కు అంతకన్నా సులువైనది: ప్రాంతీయ సంస్థకు సొంత విమానాలు ఉండవు, లీజువి వెళ్లిపోతాయి, వరుసలో ఎక్కడ నిలబడినా పంచడానికి మిగిలేవి నాలుగు మెట్లబండ్లు, కొన్ని కంప్యూటర్లు. జెట్ లాంటి పెద్ద సంస్థ ఆగిపోయిన అయిదున్నరేళ్లకు, 2024 నవంబరు 7న, సుప్రీంకోర్టు లిక్విడేషన్‌కు ఆదేశించింది. అంతకాలం కిస్తీ ఆపే బ్యాంకు లేదు.

కాబట్టి రక్షణ సంస్థ కూలిన తర్వాత వెతుక్కునేది కాకుండా, నడుస్తున్నప్పుడే ఉండేది కావాలి. అందుకు మీ చేతిలో ఒక తాళం చెవి ఉంది. ఉడాన్ నష్టపరిహార నిధికి డబ్బు ప్రధానంగా పెద్ద మార్గాల్లో తిరిగే విమానాల మీద వేసిన లెవీ నుంచి వస్తోంది, రాష్ట్రాలు తమ వాటా కలుపుతున్నాయి, క్లెయిములు పరిశీలించి చెల్లించే పని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేస్తోంది. క్లెయిముతో పాటు విమానం ఎన్నిసార్లు ఎగిరింది, ఎన్ని సీట్లు రాయితీ ధరకు అమ్మారు అన్న లెక్కలు సంస్థ ఎలాగూ సమర్పించాలి. గత నెల పైలట్లకు, క్యాబిన్ సిబ్బందికి, ఇంజినీర్లకు జీతం, పీఎఫ్ జమ చేసినట్టు బ్యాంకు ధ్రువపత్రం కూడా ఆ కట్టలో ఉండాలని ఒక్క నిబంధన చేర్చండి. జీతం పడకపోతే క్లెయిము ఆగుతుంది. రెండు నెలలు వరుసగా పడకపోతే, ఆ క్లెయిము సొమ్ములోంచి సిబ్బంది ఖాతాలకు నేరుగా వేయండి. ప్రభుత్వానికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు. జబ్బు ఏ దశలో ఉందో మీ శాఖకు ముందే తెలుస్తుంది కూడా. విమానయాన సంస్థ మునిగిపోవడం ఇంధన బిల్లులోనో, లీజులోనో మొదలైనా, మొదట కనపడేది జీతాల పట్టికలోనే.

మార్గం గెలుచుకున్న సంస్థ నుంచి తీసుకునే గ్యారంటీలో కూడా కనీసం మూడు నెలల సిబ్బంది జీతాల మొత్తాన్ని కలపాలని కోరుతున్నాను. నా దగ్గర నుంచి ఏడాది కాలాన్ని హామీగా తీసుకున్న వ్యవస్థ, నా యజమాని దగ్గర నుంచి మూడు నెలల డబ్బును హామీగా తీసుకోవడం అత్యాశ కాదు.

ఎన్‌ఓసీ విషయంలో డీజీసీఏ అధికారులకు నా మనవి ఇంకా చిన్నది. లైసెన్సు పనులన్నీ ఇప్పుడు డీజీసీఏ ఆన్‌లైన్ వేదిక ఈ-జీసీఏలో జరుగుతున్నాయి. లైసెన్సే ఎలక్ట్రానిక్ రూపంలోకి వచ్చేసింది. పైలట్ రాజీనామాను, నోటీసు మొదలైన తేదీని అక్కడే నమోదు చేసే వీలు కల్పించండి. గడువు ముగిసిన రోజున, లేదా జీతం నిలిచిపోయినట్టు రుజువైన రోజున, ఎన్‌ఓసీ దానంతట అదే జారీ కావాలి. కిటికీ గట్టు మీద సంతకాలు ఇక ఉండకూడదు.

అర్హతలు గడువు తీరిపోయే సమస్య దీనికన్నా కష్టమైనది. మూతపడిన సంస్థ పైలట్లకు ఒక్క ఏడాది పాటు, సిమ్యులేటర్ పరీక్షల ఖర్చులో సగమైనా ఆ లెవీ సొమ్ము జమయ్యే ప్రాంతీయ అనుసంధాన నిధి నుంచి భరించవచ్చు. ప్రభుత్వం చేతిలో అలయన్స్ ఎయిర్ ఉంది, అది నడిపేవి ప్రధానంగా ఏటీఆర్‌లే. శిక్షణ ఖాళీలు ఉన్నప్పుడు ఇలాంటి పైలట్లను తాత్కాలికంగానైనా తీసుకునే ఏర్పాటు సాధ్యమో కాదో శాఖ పరిశీలించాలి. దేశం ఇప్పటికే ఖర్చుపెట్టి తయారుచేసుకున్న కమాండర్‌ను ఏడాదిలో తుప్పు పట్టనిచ్చి, రెండేళ్ల తర్వాత ఇంకొకరిని మొదటి నుంచి తయారుచేయడం ఏ లెక్కన చూసినా ఖరీదే.

ఎదుగుదల గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే ఇందులో ప్రభుత్వం చేయగలిగింది తక్కువ. ప్రాంతీయ సంస్థలో మొదటి మెట్టు త్వరగా ఎక్కవచ్చు. 1,500 గంటలు పూర్తయి కమాండర్ కావడానికి కావలసిన ఏటీపీఎల్ లైసెన్సు వచ్చి, సంస్థలో విమానాలు పెరుగుతుంటే, పెద్ద జెట్ విమానాల సంస్థలో కంటే ముందే ఎడమ సీటు, అంటే కమాండర్ సీటు, దొరుకుతుంది. ఆ తర్వాత మెట్లు ఉండవు. నాలుగు విమానాల సంస్థలో ఉన్న పదవులే పాతిక. పెద్ద సంస్థకు మారితే, పొట్టి రన్‌వేల మీద, ఎదురు మబ్బుల్లో, దిగడానికి రేడియో సంకేతాలతో దారి చూపే ఐఎల్‌ఎస్ లేని చోట్ల దిగిన నాలుగు వేల గంటల కమాండర్ మళ్లీ కో-పైలట్‌గా కుడి సీటులో, సీనియారిటీ జాబితా అడుగున చేరతాడు. మా మిత్రుడొకడు నలభై రెండో ఏట, తన దగ్గరే ఏటీఆర్ నేర్చుకున్న కుర్రాడి పక్కన కో-పైలట్‌గా కూర్చున్నాడు. ఇద్దరూ మంచివాళ్లే గనుక కాక్‌పిట్‌లో ఇబ్బంది రాలేదట. కంపెనీల సీనియారిటీ జాబితాల్లో ప్రభుత్వం వేలు పెట్టాలని నేను కోరను. అది కొత్త తగాదాలకు దారి. కానీ సబ్సిడీతో నడిచే మార్గాలకు కొత్తగా పైలట్లను తీసుకునేటప్పుడు, మూతపడిన సంస్థల నుంచి వచ్చిన టైప్ రేటింగ్ ఉన్నవారి జాబితాను డీజీసీఏ ప్రకటించి, ముందు వారికి ఇంటర్వ్యూ ఇవ్వాలని సంస్థలను అడగడంలో తప్పు లేదు. ఉద్యోగం ఇవ్వమని కాదు, పిలవమని.

ఇలాంటి నిబంధనలు పెడితే చిన్న సంస్థలు అసలు ముందుకే రావన్న వాదన ఉంది. నాతో పనిచేసిన ఒక పెద్దాయన, ఆయన ఒకప్పుడు ఆపరేషన్స్ విభాగం చూసేవారు, గట్టిగా అదే అంటారు: ‘ఇప్పటికే లాభం లేని పని ఇది, ఇంకో బ్యాంకు గ్యారంటీ అంటే ఎవరొస్తారయ్యా?’ అందులో నిజం లేకపోలేదు. మూడు నెలల జీతం పక్కన పెట్టలేని సంస్థ విడిభాగాలు సమయానికి కొనగలదా అన్న అనుమానం మాత్రం నాకు ఆ మాట విన్న ప్రతిసారీ వస్తుంది. అలాంటి సంస్థ రాకపోవడం ప్రయాణికులకు కూడా మంచిదే. 403 మార్గాలు మొదలే కాలేదంటే, వడపోత ఇప్పుడున్న దానికన్నా గట్టిగా ఉండాల్సిందనే అర్థం.

2025 బడ్జెట్ ప్రసంగంలో ఉడాన్‌ను సవరించి, వచ్చే పదేళ్లలో 120 కొత్త గమ్యస్థానాలకు, నాలుగు కోట్లమంది ప్రయాణికులకు విస్తరిస్తామని ప్రకటించారు. ఆంధ్రలో కుప్పం, దగదర్తి, పలాస, తెలంగాణలో వరంగల్ మామునూరు పేర్లు వినపడుతున్నాయి. కుప్పంలో విమానాశ్రయం వస్తే దేవనహళ్లిలో టేకాఫ్ చెక్‌లిస్టు పూర్తయ్యేలోపు ల్యాండింగ్ చెక్‌లిస్టు తీయాల్సి వస్తుందని మేం నవ్వుకుంటున్నాం గాని, అక్కడికి మొదటి విమానం నడిపే అవకాశం వస్తే మాలో ఎవరూ వదులుకోరు. ఆ 120 చోట్లకూ పైలట్లు కావాలి. వారిలో చాలామంది ఇప్పుడు ఇంటర్మీడియట్ ఎంపీసీ చదువుతున్న పిల్లలు.

ఆ కొత్త మార్గాల కోసం సంస్థలతో కుదుర్చుకునే ఒప్పంద పత్రాల్లో జీతాల ధ్రువపత్రం, మూడు నెలల గ్యారంటీ అన్న రెండు నిబంధనలనూ చేర్చి, ఆ ముసాయిదాను ఖరారుకు ముందు ప్రజాభిప్రాయానికి పెట్టినప్పుడు, ప్రాంతీయ పైలట్లను కూడా ఒక రోజు పిలిచి వినవలసిందిగా వేడుకుంటున్నాను. ఢిల్లీకి రమ్మన్నా వస్తాం, మీరు బెంగళూరు వచ్చినప్పుడు దేవనహళ్లిలో అరగంట కేటాయించినా చాలు. రోస్టర్‌లో సెలవు పెట్టుకోవాలి గనుక తేదీ కాస్త ముందుగా, వీలైతే ఇరవై అయిదో తారీఖు లోపల, తెలియజేయగలరు.

ఇట్లు,
విధేయుడు,
ఒక ఏటీఆర్ కమాండర్,
యలహంక, బెంగళూరు.